ఎర్ర తలపాగల దండు

మీసం లేని సిపాయిని యుద్ధానికి పంపడం వెంకటనర్సమ్మకు బొత్తిగా ఇష్టం ఉండదు. ఆ సిపాయేమో బొటనవేలంత మనిషి. మొహం కందిగింజంత. ఆ మొహంలో మూతి ఎక్కడుందో కళ్లద్దాలు సవరించుకుని మరీ వెతుక్కోవాలి. అయినా సరే, రెండు వెంట్రుకలే మిగిలేలా కత్తిరించిన కుంచెను నల్లరంగులో ముంచి, ఎడమచేతి బొటనగోరు మీద ఒకసారి గీసి చూసుకుని, ఊపిరి బిగబట్టి, అటొకటి ఇటొకటి మీసం దిద్దేదాకా ఆమెకు మనసొప్పదు.

"చిన్నమ్మా, ఇంకెంతసేపు? ఆడ నీలి దండు గుట్ట ఎక్కింది," అని దుర్గయ్య తొందరపెట్టాడు.

"ఎక్కనీ. మూతి మీద మీసం లేకుంట పోయి వీడు మాత్రం ఏం కొట్లాడుతడు?"

దుర్గయ్యది షాద్‌నగర్‌లో టెంట్ హౌస్. కింద షామియానాలు, కుర్చీలు, పెద్ద పెద్ద వంటగిన్నెలు. పైన గోదాములో భోజనాల బల్లలు రెండు కలిపి వేసి, మీద పచ్చటి తివాచీ పరిచి, థర్మోకోల్ గుట్ట ఒకటి, రాళ్లు నాలుగు పెట్టి, నీలిరంగు రిబ్బనొకటి వాగులా వంకరగా అతికిస్తే అది యుద్ధభూమి. పెళ్లిళ్ల కాలంలో ఆ బల్లలు కిరాయికి పోతాయి. అప్పుడు ఎంత భీకర యుద్ధమైనా సరే, ముహూర్తాలు అయిపోయేదాకా ఆగవలసిందే.

ఆ శుక్రవారం సాయంత్రం ఎర్ర తలపాగల రాచకొండ దండుకు ఆమె కొడుకు అశోక్‌కుమార్ సేనాపతి. హైవే పక్కన కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేసే నలభై ఏళ్ల మనిషి, బల్ల ముందు నిలబడేసరికి పదేళ్లవాడైపోతాడు. బూడిదరంగు ప్లాస్టిక్ బొమ్మలు పార్సిళ్లలో తెప్పించేది అతడే. మొదట్లో రంగులు కూడా తనే వేసుకునేవాడు. తలపాగకు వేసిన ఎరుపు చెంపల మీదికి, చెంపల నుంచి చొక్కా మీదికి కారుతుంటే చూడలేక వెంకటనర్సమ్మ ఒకనాడు కుంచె లాక్కుంది. ఆనాటి నుంచి దండు మొత్తం ఆమె చేతి మీదుగానే తయారవుతోంది.

ఆమె పద్ధతి వేరు. ఒక్కొక్క సిపాయిని పట్టుకుని కూర్చోదు. చెక్కపట్టీ మీద జిగురు చుక్కలు పెట్టి ఇరవై మందిని వరుసగా నిలబెడుతుంది. లేతరంగు ముందు, ముదురురంగు తర్వాత. ఈ చివర నుంచి ఆ చివరిదాకా మొహాలన్నీ ఒక విడత, చొక్కాలన్నీ ఒక విడత, తలపాగలన్నీ ఒక విడత. ఆలేరు దగ్గరి ఊళ్లో పెళ్లయిననాటి నుంచి రంగు అంటకూడని చోట నూలుకు దారం బిగించి, చిటికి కట్టి, రంగుల్లో ముంచిన చెయ్యి అది. నూలైనా సిపాయైనా రంగు పట్టించే వరుస దానికొక్కటే తెలుసు.

మీసం ఆరిందో లేదో ఊది చూసి, కొత్త సిపాయిని అరచేతిలో పెట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికి యుద్ధం మంచి పట్టులో ఉంది. వాగు పక్కన ఎర్ర తలపాగవాడొకడు బోర్లా పడి ఉన్నాడు. తనవాడే. ఎవరి మోచెయ్యో తగిలినట్టుంది. వెంకటనర్సమ్మ వంగి వాణ్ని లేపి నిలబెట్టింది. నిలబెట్టిన చెయ్యి ఊరుకోలేదు, వాణ్ని రవంత ముందుకు జరిపింది.

"అమ్మా, ముట్టకు!" అశోక్ ఒక్క అరుపు అరిచాడు. "లెక్క తప్పుతది!"

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. కొడుకు సిపాయిని తీసి మళ్లీ పాత జాగాలో పెట్టి, టేపుతో కొలిచి, ఆటలో పడిపోయాడు. అరిచిన సంగతి కూడా అతనికి గుర్తున్నట్టు లేదు. ఆమెకు మాత్రం చెంపలు వేడెక్కాయి. కనుబొమ్మలు దిద్దింది తను, మీసాలు పెట్టింది తను, నడుముకు దట్టీ కట్టింది తను. వాళ్లను తననే ముట్టుకోవద్దంటాడా! చిన్నబుచ్చుకున్న మొహం ఎవరికీ కనబడకుండా కిటికీ దగ్గరికి పోయి, కుంచెలు కడిగే నెపంతో చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఇంటికి వస్తుంటే బండి మీద వెనక కూర్చుని అడిగింది. "అశోక్, నన్ను గూడ ఒక్క ఆట ఆడనియ్యరాదుర?"

అశోక్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, ముద్దు చేసే నవ్వే. అదే ఆమెకు మరింత కష్టం కలిగించింది.

"నీకెందుకమ్మా గీ తలకాయ నొప్పి? ఎవడు ఎంత దూరం నడవాలె, ఫిరంగి ఎంతమందిని కొడ్తది, గవన్నీ యాదుంచుకోవాలె. నువ్వు రంగులెయ్యి, గంతే. నీ అసుంటి చెయ్యి జిల్లాల ఎవరికున్నది?"

పొగిడి నోరు మూయించడం అంటే ఇదే.  అతడు దారి పొడుగునా ఆదివారం సంగతి చెబుతూనే ఉన్నాడు. మహబూబ్‌నగర్ నుంచి కోయిలకొండ దండు వస్తోంది. వాళ్లు చాలా పేరున్నవాళ్లు. రంగు వేయని బొమ్మను బల్ల మీద పెట్టనివ్వరు. రేపు గుర్రాల పార్సిల్ వస్తుంది, ఎట్లాగైనా ఆదివారానికి తయారు కావాలి.

"అయితది తియ్యి," అంది వెంకటనర్సమ్మ.

మర్నాడు పొద్దున కోడలు సంధ్యకు దవాఖానలో డ్యూటీ లేదు. అత్తాకోడళ్లు వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సంధ్య నర్సు. ఎదుటివాళ్ల మొహం చూసి నొప్పి ఎక్కడుందో కనిపెట్టడం ఆమెకు అలవాటే.

"ఏమైందత్తమ్మా? నిన్నటి సంది ఒక తీరున్నరు."

"ఏం లేదు బిడ్డా."

"ఏం లేకుంటె గింజలు చెత్తల ఏసి, తొక్కలు కూరకెందుకు పెడ్తున్నరు?"

వెంకటనర్సమ్మ చూసుకుని నవ్వేసింది. నవ్వుతోపాటు మాట కూడా బయటికి వచ్చేసింది. ముట్టకు అన్నాడని చెప్పింది. చెబుతుంటే, ఇంత చిన్న మాటకా అని తన మీద తనకే కోపమూ వచ్చింది.

"మీకు ఆట వస్తదా అసలు?" అని అడిగింది సంధ్య.

"రాకేం? ఎన్నాళ్ల సంది చూస్తలేను! కాలిబంటు ఒక జానెడు నడుస్తడు. గుర్రం రెండు జానెలు. ఎదురుంగ నిలబడి పాచిక ఎయ్యాలె, ఐదు గాని ఆరు గాని పడితె ఎదుటోడు పడ్డట్టు. ఫిరంగికైతె ఎంత పడితె వరుసల గంతమంది పోతరు. జెండా గుట్ట మీద పాతినోళ్లది గెలుపు. గింతె. పచ్చీసు కంటె అల్కగుంటది."

సంధ్య ఒలిచిన గింజలను రెండు కుప్పలు చేసింది. మామగారు ఊరి నుంచి పంపిన బెల్లం గడ్డను మధ్యలో పెట్టింది.

"ఇగో గుట్ట. తెల్ల గింజలు మీయి, ఎర్ర గింజలు నాయి. ఆడుండ్రి చూద్దాం."

పాచిక లేకపోతే చింతగింజలు పగలగొట్టి పచ్చీసుకు వేసినట్టే వేశారు. కూర సంగతి ఇద్దరూ మరిచిపోయారు. సంధ్య రెండుసార్లు ఓడిపోయింది. మూడోసారి ఓడిపోతూ ఒక గింజను చీరకొంగు కింద దాచబోయి దొరికిపోయింది.

"గిట్ల ఆడెటామె ఆడ నోరు మూసుకుని కూసుంటదా? పోయి బల్ల కాడ కుర్చీ గుంజుకుని కూసోండ్రి, ఎవరద్దంటరో చూద్దాం."

"పిలువంది ఎట్ల కూసుంట బిడ్డా? ఆళ్ల ఆటాయె."

 ఇది తనకూ తెలుసు. లాక్కుని ఆడితే అది ఆట కాదు. ఎవరో ఒకరు నువ్వూ రా అనాలి. జీవితంలో ఇప్పుడు ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే, అంతకు మించి ఆమె దేన్నీ కోరలేదు.

గుర్రాల పార్సిల్ మధ్యాహ్నం దాటాక గాని రాలేదు. విప్పి చూస్తే రౌతులతో సహా డజను గుర్రాలు, కాళ్లెత్తినవి కొన్ని, మెడ వంచినవి కొన్ని. వెంకటనర్సమ్మకు ప్రాణం లేచి వచ్చింది. వాటిని సబ్బునీళ్లలో కడిగి, తుడిచి, చెక్కపట్టీ మీద నిలబెట్టి, తెల్లటి మొదటి పూత వేసింది. ఆ పూత ఆరితే గాని మీది రంగు నిలవదు. మొగులు పట్టిన రోజు కావడంతో అది ఆరనంటే ఆరనంది. ఫ్యాను కింద పెట్టి ఎదురుచూస్తుండగా ఊరి నుంచి భర్త గండయ్య ఫోన్ చేశాడు.

"ఏం జేస్తున్నవ్?"

"గుర్రాలకు రంగులేస్తున్న."

"మంచిగున్నది. నేను మగ్గం దిగిన. అమాస పట్టింది గద."

వెంకటనర్సమ్మ క్యాలెండర్ వంక చూసింది. పనిలో పడి తిథి సంగతే మరిచింది. అమావాస్య పట్టాక నేతవాళ్ల ఇళ్లల్లో మగ్గం ఆడదు, చిటికి కట్టరు, రంగుకుండ మూత తీయరు. పెళ్లి కాకముందు నుంచీ ఆమె ఒక్క అమావాస్య కూడా తప్పలేదు. ఫోన్ పెట్టేసి, కుంచెలు కడిగి ఆరబెట్టి, రంగు డబ్బాల మూతలు బిగించింది. గుర్రాలు తెల్లగా అలాగే నిలబడి ఉన్నాయి.

ఆదివారం పొద్దున అశోక్ వాటిని చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అమ్మా! గుర్రాలు!"

"అమాస గదరా. నిన్ననే పట్టింది."

"అమ్మా, ఇది మగ్గం పని కాదు గదనే. బొమ్మలు!"

"రంగు రంగే. నూలు మీద ఏసినా, గుర్రం మీద ఏసినా."

"మరి ఆట ఇయ్యాల పెట్టుకున్నం గద!"

"సాలోళ్ల ఇంట్ల పుట్టినోనివి, ఆట పెట్టుకునెటప్పుడు క్యాలెండర్ చూసుకోవద్దా?"

 తల్లితో అమావాస్య గురించి వాదించి గెలిచినవాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. అతడు సంధ్య వైపు చూశాడు. సంధ్య పల్లెంలో ఉప్మా పెడుతూ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

"తెల్లగుర్రాలే అనుకుంటె?" అని గొణిగాడు అశోక్.

"రౌతుల మొహాలు గూడ తెల్లగనే ఉన్నయి. సున్నం బట్టీలకెల్లి వచ్చిండ్రంటవా?" అంది సంధ్య.

అతడు గుర్రాలను, రంగులను సంచీలో వేసుకున్నాడు, అక్కడ ఏదైనా దారి దొరకకపోతుందా అని. వెంకటనర్సమ్మ తయారై బయటికి వచ్చింది. పని లేని రోజు కాబట్టి మంచి చీర కట్టింది, మెరూన్ మీద తెల్లటి చుక్కల పోగుబంధం చీర, తను చిటికి కట్టగా గండయ్య నేసింది. "పని లేదు గద, ఇంట్ల ఉండి ఏం జేస్త? చూడనీకి వస్త," అంది. సంధ్య కూడా తాళం చేత పట్టుకుని, "నేను గూడ," అంది.

కోయిలకొండ దండు టిఫిన్ క్యారియర్‌లో వచ్చింది. నిజంగా టిఫిన్ క్యారియరే. ఒక్కొక్క గిన్నెలో దూది పరిచి, పచ్చ చొక్కాల సిపాయిలను పడుకోబెట్టారు. దాన్ని మోసుకొచ్చిన హారికకు పాతికేళ్లుంటాయి. మహబూబ్‌నగర్‌లో మొబైల్ షాపు నడుపుతుంది. వెంట మనీష అనే స్నేహితురాలు వచ్చింది. దుర్గయ్య టెంట్ హౌస్ కుర్చీల్లోకెల్లా మెత్తనివి ఏరి తెచ్చి బల్ల చుట్టూ వేశాడు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి వచ్చిన వెంకటనర్సమ్మ గోడ పక్కన ఒక కుర్చీలో కూలబడింది.

హారిక తన సిపాయిలను తీయడం ఆపి, బల్ల మీద బారులు తీరిన ఎర్ర తలపాగల వైపు వంగింది. ఒకణ్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"అబ్బ! వీని మీసం చూడే మనీషా. దట్టీ మీద చుక్కలు గూడ పెట్టిండ్రు! ఎవరేసిండ్రన్నా ఇవి?"

"మా అమ్మ," అన్నాడు అశోక్. గొంతులో గర్వం దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. "అన్నీ మా అమ్మ ఏసినయే. ఒక్కొక్కటి."

హారిక వెంకటనర్సమ్మ దగ్గరికి వచ్చి, "అయితె అవ్వా, మీతోనే నా ఆట. గీడ కూసున్నరేంది? రాండ్రి," అంది.

దుర్గయ్య, అశోక్ మొహాలు చూసుకున్నారు. కింద గిన్నెలు తోముతున్న మోత పైకి వినబడింది.

"ఆమెనా? కాదు... ఆడేది మేము," అన్నాడు దుర్గయ్య.

హారికకు అర్థం కాలేదు. "మరి రంగులేసింది అవ్వ అంటిరి? మా తాన ఎవరు రంగులేస్తె ఆళ్లే దండు నడుపుతరన్నా. ఒకరు ఏసిన బొమ్మను ఇంకొకరు ముట్టనే ముట్టరు. మీ తాన వేరేనా?"

ఎత్తిపొడుపు కాదది. పిల్ల నిజంగానే అడుగుతోంది. అందుకే అశోక్‌కు అది సూటిగా తగిలింది. శుక్రవారం తను అరిచిన అరుపు ఇప్పుడు గుర్తుకొచ్చింది కాబోలు, తల్లి మొహంలోకి చూడలేక చేతిలోని టేపును బయటికి లాగి, వదిలి, మళ్లీ లాగాడు. వెంకటనర్సమ్మ అతన్ని ఆదుకోలేదు. కొడుకు మీద ప్రేమ లేక కాదు. ఇన్నాళ్లకు ఎవరో రమ్మన్నారు, ఆ మాట ఎక్కడ జారిపోతుందో అన్న భయంతో ఆమె కదలకుండా కూర్చుంది.

"మీరేసినయి ఏమన్న ఉంటె అవి మీరు నడుపుండ్రి," అని హారిక సర్దిచెప్పబోయింది.

దుర్గయ్య గొంతు సవరించుకున్నాడు. "నేనొక ఫిరంగి చక్రం ఏసిన."

"నేను ఏనుగు తోక," అన్నాడు అశోక్.

సంధ్యకు నవ్వు తన్నుకొచ్చింది. ఆమె నవ్వితే మనీష నవ్వింది, మనీష నవ్వితే దుర్గయ్య కూడా పొట్ట పట్టుకున్నాడు. చివరికి అశోక్ కూడా నవ్వి, తన కుర్చీ వెనక్కి జరిపి, తల్లి దగ్గరికి వచ్చి చెయ్యి అందించాడు.

"రాయే అమ్మా. నీ దండు నువ్వే నడుపు."

వెంకటనర్సమ్మ లేచింది. ఆ కుర్చీలో కూర్చుంటే తివాచీ ఇంత పెద్దదా అనిపించింది. నిలబడి తొంగి చూసినప్పుడు ఇట్లా కనబడలేదు.  కళ్లద్దాలు సవరించుకుని మొదటి సిపాయిని పట్టుకుంది. ఎవరూ అరవలేదు.

దండును ఆమె పేర్చిన తీరు చూసి హారిక ఫోన్ తీసి ఫోటో తీసుకుంది. ఆ చివర నుంచి ఈ చివరిదాకా గీత గీసినట్టు వరుసలు. ముందువాడి వెనక సూటిగా రెండోవాడు, వాడి వెనక మూడోవాడు. ఒక్కడు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆమె కంటికి ఆగదు, మళ్లీ సర్దుతుంది.

"మస్తుగున్నదవ్వా," అని మెచ్చుకుని, హారిక తన ఫిరంగిని ఆ వరుసకు సరిగ్గా ఎదురుగా తిప్పి పాచిక వేసింది. ఆరు పడింది.

ఒకడి వెనక ఒకడు ఎంత చక్కగా నిలబడ్డారో, అంత చక్కగా ఆరుగురూ పోయారు.

"అయ్యో నా బిడ్డలు!" వెంకటనర్సమ్మ అరుపుకు కింద గిన్నెల మోత ఆగింది. అరుస్తూనే ఆమె చెయ్యి ముందుకు పోయింది. ఖాళీ పడ్డ చోటుకు వెనకవాళ్లను చకచకా జరిపేసింది.

"అవ్వా, అవ్వా! మీ బారి కాదు, నా వంతు!"

"పోగు తెగింది గద బిడ్డా. తెగినంక బారి చూసుకుంట కూసుంటరా? అప్పటికప్పుడే అతకాలె."

హారిక నోరు తెరుచుకుని చూసింది. "నేత కాదవ్వా ఇది, యుద్ధం!"

"అవునే!" అంటూ వెంకటనర్సమ్మ నాలుక కరుచుకుంది. జరిపినవాళ్లను మళ్లీ వెనక్కి పెట్టబోతే ఎవరెక్కడి నుంచి వచ్చారో గుర్తులేదు. అందరూ మీసాలతో ఒక్కలాగే చూస్తున్నారు. "ఈ ఒక్కపాలికి మాఫ్," అని హారిక నవ్వి వదిలేసింది.

మరోసారి ఫిరంగి పేలింది. మళ్లీ ముగ్గురు. చెయ్యి మళ్లీ లేచింది గాని, ఈసారి సంధ్య పట్టుకుని ఆపింది. వెంకటనర్సమ్మ తన వరుసల వంక చాలాసేపు చూసింది. ఎంత అందంగా ఉన్నాయి! ఆ అందమే తన పీకల మీదికి తెస్తోందని ఆమెకు అప్పుడు తెలిసింది. వాటిని చెదరగొట్టాలి. అది తెలిసీ చెయ్యి రావడం లేదు. వరుస తప్పకుండా అచ్చు కట్టిన నూలును తన చేత్తో తనే చిక్కు చేసుకున్నట్టుంది. చివరికి కళ్లు సగం మూసుకుని, ఒకణ్ని పక్కకు లాగింది. ఇంకొకణ్ని రాయి చాటుకు తోసింది. ఒకడిని వాగులోకి దింపింది. మొత్తం దండు గుట్ట కింద గింజలు చల్లినట్టు చెల్లాచెదురైంది. చూస్తుంటే ఆమెకే ఒళ్లు జలదరించింది.

హారిక ఫిరంగిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎటు తిప్పినా వరుస అన్నదే లేదు. పాచికలో ఐదు పడ్డా పోయింది ఒక్కడే.

"గిట్ల!" అని వెంకటనర్సమ్మ బల్ల మీద చెయ్యి చరిచింది. ఆ అదురుకు ఇద్దరు సిపాయిలు ఎవరూ కొట్టకుండానే పడిపోయారు, వాళ్లను లేపి నిలబెట్టుకోనిచ్చారు.

ఇటు ఇంత జరుగుతుంటే అశోక్ కిటికీ దగ్గర కూర్చుని గుర్రాలకు రంగులు వేస్తున్నాడు. ఆడాలంటే అదొక్కటే దారి అతనికి. తను వేస్తే తనే నడపవచ్చు. "నువ్వు గూడ సాలోనివే గద, అమాసకు ముట్టొచ్చునా?" అని సంధ్య అడిగితే, "నేను మగ్గం ఎక్కనోన్ని, నాకు కంపెనీ సెలవులే వర్తిస్తయి," అన్నాడు. చొక్కా మీద ఎరుపు, ముక్కు మీద నలుపు. వెంకటనర్సమ్మ మాత్రం కుంచె ముట్టలేదు. అట్లాగని ఊరుకోనూ లేదు. తన వంతు కానప్పుడల్లా మెడ తిప్పి, "నలుపు ఇప్పుడే ఎయ్యకురా, లేతది ఆరనియ్యి," అని అరుస్తూనే ఉంది. చెప్పడం పని కిందికి రాదని ఆమె లెక్క.

ఎర్ర దండు గుట్ట సగం ఎక్కింది. పచ్చ దండు జెండా మోసేవాడికి ఇద్దరే కాపలా మిగిలారు. హారిక మొహంలో నవ్వు పోయి పట్టుదల వచ్చింది. ముందుకు వంగి, జడ వెనక్కి వేసుకుని, పాచికను రెండు చేతుల్లో ఊదుతోంది. ముసలామె అని ఒక్క అడుగు కూడా తగ్గి ఆడటం లేదు. అది వెంకటనర్సమ్మకు ఎంత నచ్చిందో చెప్పలేం.

అప్పుడు అశోక్ చెక్కపట్టీని రెండు చేతులతో పట్టుకుని, టేబుల్ ఫ్యాను ముందు ఆరబెట్టిన గుర్రాలతో బల్ల దగ్గరికి వచ్చాడు. రౌతుల మీసాలు గొంగళిపురుగుల్లా ఉన్నాయి. ఒకడికైతే మీసం కంటి మీద ఉంది. హారిక ఒక్కొక్కదాన్నీ పరీక్షగా చూసి, "రంగైతె ఉన్నది. పెట్టన్నా," అని ఒప్పుకుంది.

అశోక్ గుర్రాలను బల్ల మీద పెట్టబోయి ఆగాడు. ఇన్నాళ్లూ ఈ బల్ల ముందు ఎవరినీ ఏమీ అడగని సేనాపతి.

"అమ్మా," అన్నాడు, "యాడ నిలబెట్టాలె?"

వెంకటనర్సమ్మ ముందుకు వంగింది. వాగు చూసింది, గుట్ట చూసింది, ఫిరంగి మూతి ఎటుందో చూసింది. కొడుకు చేతిలో పట్టీతో అట్లాగే నిలబడి ఉన్నాడు.

"వాగు పక్కకెల్లి. ఒక్కకాడ పెట్టకు, దూరదూరం. నేను గుట్ట మీద ఆళ్లను ఆపి పెడ్త, నువ్వు ఎన్కకెల్లి రా."

"సరే అమ్మా."

ఉపాయం మంచిదే. పాచిక ఒక్కటే మాట వినలేదు. అశోక్ ఒకటి వేశాడు. మళ్లీ ఒకటి. మూడోసారి ఇష్టదైవాలందరినీ తలుచుకుని వేస్తే రెండు పడింది. హారికకేమో ఐదు మీద ఆరు, ఆరు మీద ఐదు. కొత్తగా రంగు పడ్డ గుర్రాలు వాగు దాటకుండానే ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. గుట్ట మీద వెంకటనర్సమ్మ చివరి ముగ్గురూ చుట్టుముట్టిన పచ్చ చొక్కాల మధ్య చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఇద్దరే ఉన్నారు. తర్వాత ఒక్కడు. వాడికీ నిండు మీసం, నడుముకు చుక్కల దట్టీ. హారిక పాచిక వేసింది.

ఆరు.

కోయిలకొండ జెండా గుట్ట మీదికెక్కింది. మనీష ఈల వేసింది. దుర్గయ్య తల పట్టుకున్నాడు. అశోక్ తల్లి వైపు భయంగా చూశాడు. మొదటిసారి ఆడి ఓడిపోయింది, బాధపడుతుందేమో, ఏం చెప్పి ఓదార్చాలి అని అతడు మాటలు వెతుక్కుంటున్నాడు. హారికకు కూడా అదే అనిపించినట్టుంది. "చాన మంచిగ ఆడిండ్రవ్వా, ఇంకొక్క ఐదు పడితె మీదే గెలుపు," అంటూ టిఫిన్ క్యారియర్ మూత తీసి, తన సిపాయిలను దూదిలో పడుకోబెట్టడం మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ బస్సు వేళ దగ్గరపడింది.

వెంకటనర్సమ్మ చెయ్యి చాచి ఆ గిన్నె మీద మూత పెట్టేసింది. ఆమె మొహం కొలిమి దగ్గర కూర్చున్నట్టు ఎర్రగా మెరుస్తోంది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. ముడి విడి జుట్టు భుజాల మీద పడిన సంగతి కూడా ఆమెకు తెలియదు.

"బస్సులకేం బిడ్డా, మస్తుగుంటయి," అంది. "పేర్చు. మళ్ల ఆడుదాం."

హారిక గడియారం చూసుకుంది. మనీష వంక చూసింది. భుజాన వేసుకున్న బ్యాగు తీసి కుర్చీకి తగిలించింది. వెంకటనర్సమ్మ అప్పటికే వంగి, పడిపోయినవాళ్లను ఏరి, ఒకణ్ని రాయి చాటున, ఒకణ్ని వాగు ఒడ్డున, ఒకణ్ని ఎవరూ ఊహించని చోట గుట్ట వెనక నిలబెడుతోంది.